నిమిషం లోపు దీపం

విభూతి రాల్చే చేతిని వదిలి రెండో చేతిని చూడమని ముప్పయ్యేళ్లు ఊరూరా తిరిగి చెప్పాను. వారమంతా కళాశాలలో భౌతికశాస్త్రం బోధించేవాణ్ణి. ఆదివారం వచ్చిందంటే సంచిలో కర్పూరం, గంజితో కలిపి ఆరబెట్టిన బూడిద ఉండలు పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపేవాణ్ణి. ఖాళీ చేతిలోంచి విభూతి రాల్చేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టాక, ఆ ఉండ వేళ్ల సందున ఎక్కడ దాగి ఉందో విప్పి చూపేవాణ్ణి. చివర ఎప్పుడూ ఒకే మాట: "మీకు చూపించినదాన్ని నమ్మే ముందు, చూపించకుండా పారేసినది ఏమిటో అడగండి."

ఆ మాట మూలంగా ఒక మనిషి చనిపోయాడని నేను రుజువు చేయలేను. ఆ మాటకూ అతని చావుకూ సంబంధం లేదని కూడా రుజువు చేయలేను. ఇంత వయసు వచ్చాక, ఇంత శాస్త్రం చదివాక, నా దగ్గర మిగిలిన వృత్తాంతం ఇదొక్కటే.

పదవీ విరమణ తర్వాత నేనూ నా భార్య త్రిపురా చెన్నాయపాలెం శివార్లలో, సరుగుడు తోటను ఆనుకుని ఒక చిన్న డాబా ఇల్లు కట్టుకున్నాం. ఆమె కీళ్లనొప్పులకు సముద్రపు గాలి మంచిదని ఎవరో చెప్పారు. దానికి ఆధారం లేదని నేనన్నాను. అయినా వచ్చాం, ఎందుకంటే నాకు చీకటి కావాలి. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట మీద నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో పెద్ద పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, సముద్రం మీద దీపాలుండవు. సరిగ్గా అప్పుడే దక్షిణాన, నీటికి కొంచెం ఎత్తులో, ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు పైకి వస్తుంది. కోటి నక్షత్రాలు ఒక్క ముద్దగా ఉంటాయి. మామూలు కంటికి అది మసక చుక్క.

నా సామగ్రి చూసి నవ్వినవాళ్లున్నారు. పెళ్లిళ్లలో ఫోటోలు తీసే కుర్రవాడు అమ్మేసిన పాత కెమెరా ఒకటి, కటకం ఒకటి, భూమి తిరిగే దిశకు ఎదురుగా అంతే వేగంతో తిరిగే కొబ్బరికాయంత మోటారు ఒకటి. కెమెరా రెండేసి సెకన్ల చొప్పున మూడు వేల ఫ్రేములు తీస్తుంది. వాటిని కంప్యూటరు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. ప్రతి ఫ్రేములోనూ స్థిరంగా ఉన్నది నిలబడుతుంది. ఒకసారి కనిపించి ఒకసారి మాయమయ్యేదాన్ని మచ్చగా లెక్కించి తీసేస్తుంది.

కావేరమ్మ మాకు చేపలు తెచ్చేది. ఆమె భర్త జాలయ్యకు ఒక చిన్న నీలిరంగు ఫైబరు పడవ ఉంది. ఒక సాయంత్రం ఇద్దరూ డాబా ఎక్కి వచ్చి, నేను తీసిన మొదటి చిత్రాన్ని చూశారు.

"ఇదంతా మా నెత్తిమీదే ఉండాదా సారూ?" అన్నాడు జాలయ్య.

"ఉంది. పదిహేడు వేల ఏళ్ల కిందట బయలుదేరిన వెలుగు అది."

"మరి మాకు కనపడదే?"

"నీ కన్ను ఒక్క క్షణం చూసి వదిలేస్తుంది. ఇది మూడు వేలసార్లు చూసి, చూసినవన్నీ పేరుస్తుంది."

"అట్టయితే మా కావేరమ్మ లాంటిదే. ఒకే తప్పు మూడు వేలసార్లు చూస్తాది."

"చూడబట్టే ఇంటికొస్తుండావు," అంది కావేరమ్మ, మెట్ల మీద కూర్చుని గంప తుడుచుకుంటూ.

ఆ రోజే జాలయ్య తన పడవ దీపాన్ని నా చేతిలో పెట్టాడు. బ్యాటరీతో వెలిగే తెల్లదీపం. లోపలి సర్క్యూటును ఉప్పుగాలి తినేసింది. ఒక పాత ఫోను చార్జరులోంచి పీకిన ముక్కలను టంకం పెట్టి అతికించి ఇచ్చాను. వెలిగింది. నిలకడగా వెలగలేదన్న సంగతి ఆ తర్వాత ఏడాదికిగానీ నాకు తెలియలేదు. కంటికి అందనంత వేగంగా అది వణుకుతూ ఉండేది.

ఆ వణుకును నా కెమెరా పట్టుకుంది.

మరుసటి వేసవిలో నా చిత్రాల నిండా సన్నని అడ్డగీతలు వచ్చాయి. కెమెరా పాడైందనుకున్నాను. మూతపెట్టి తీస్తే గీతలు లేవు. బ్యాటరీ మార్చాను, తీగలు మార్చాను, త్రిపుర చేత వంటింటి ఫ్రిజ్ కూడా ఆపించాను. గీతలు కొన్ని రాత్రులు వచ్చేవి, కొన్ని రాత్రులు వచ్చేవి కావు. ఒక కాగితం మీద తేదీలు రాసి పెట్టుకుంటే, త్రిపుర దాన్ని చూసి, "వీటి మర్నాడల్లా మనం చేపల కూర తిన్నాం కదండీ," అంది. ఆ రాత్రులన్నీ జాలయ్య వేటకు వెళ్లిన రాత్రులు. అప్పట్లో చిన్న పడవలకు నిషేధం వర్తించేది కాదు.

మరునాడు జాలయ్యను పిలిచి, ఇసుకదిబ్బకు అవతల, నా డాబాకు ఏ మాత్రమూ కనిపించని చోట పడవ నిలిపి దీపం వెలిగించమన్నాను. ఎప్పుడు వెలిగించాలో, ఎప్పుడు ఆర్పాలో అతనే నిర్ణయించుకుని, వేళలను కావేరమ్మకు చెప్పాలి, నాకు చెప్పకూడదు. నా కెమెరా సముద్రం వైపు చూడనేలేదు, నడినెత్తిన ఉన్న ఆకాశాన్ని చూస్తోంది. పేర్చడం ముగిశాక నేను చెప్పిన వేళలూ కావేరమ్మ కొంగున ముడివేసుకున్న కాగితంలోని వేళలూ క్షణాల తేడాతో సరిపోయాయి.

విషయం ఇంతే. ఏ దీపం వెలుగైనా గాలిలోని తేమకు తగిలి ఆకాశమంతా చెదురుతుంది. కెమెరా లోపల వెలుగును పట్టే వరుసలన్నీ ఒక్కసారిగా కళ్లు మూయవు. పై వరుస ముందు మూస్తుంది, కింది వరుస చివర మూస్తుంది. ఆ తేడాలో దీపపు వణుకు గీతగా పడుతుంది. ఒక ఫ్రేములో అది లేనట్టే. మూడు వేల ఫ్రేములలో లేచి నిలబడుతుంది. ఏ రెండు దీపాలూ ఒకేలా వణకవు. ఒక కెమెరా ఉంటే దీపం పుట్టిన వేళ తెలుస్తుంది. తీరం వెంబడి నాలుగు కెమెరాలుంటే, అది ఏ చోట వెలిగిందో నూరు గజాల తేడాతో చెప్పవచ్చు.

నాకు ఆ చోట్లతో పని లేదు. దీపాన్ని గుర్తుపట్టగలిగితే దాని వెలుగును ఆకాశంలోంచి తీసివేయవచ్చు. ఆరు నెలలు కూర్చుని ఆ పని చేసే ప్రోగ్రాం రాశాను. పేరు 'చీపురు'. తీసేసిన దీపాల జాబితా, వేళలతో, చోట్లతో, ఇంకో ఫైలులో పడేది. దానికి 'చెత్తబుట్ట' అని పేరు పెట్టాను. అందులో మొదటి దీపం జాలయ్యది. 'జా-1'.

తీరం పొడవునా నాలాంటి పదకొండుమంది చేరారు. ఏడాది తిరిగేసరికి రెండు వందలమంది అయ్యారు. పెళ్లికెమెరాలతో పెద్ద పరిశోధనశాలలు తీసినంత శుభ్రమైన ఆకాశాన్ని తీస్తున్నాం. ప్రతి చిత్రంతో పాటు ఆనాటి చెత్తబుట్టను కూడా అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టాలని నేనే నియమం చేశాను.

"ఊడ్చిన చెత్తని వీధిలో పోసుకుంటారా ఎవరైనా?" అంది త్రిపుర.

"ఊడ్చినదాంట్లో ఏముందో చూపించనివాడు దొంగ. ఇదే కదా ఇన్నేళ్లు నేను బాబాలను అడిగింది."

"బాబాలు వాళ్ల బూడిద దాచుకున్నారు. మీరు ఊళ్లోవాళ్ల దీపాలు పెడుతున్నారు."

ఆ వాక్యాన్ని నేను అప్పుడు వాదన కింద లెక్కించలేదు.

తరువాతి సంవత్సరం వేట నిషేధాన్ని అయిదు నెలలకు పెంచారు. చిన్న పడవలను కూడా అందులో కలిపారు. కాపలా బాధ్యతను 'తీరనేత్ర' అనే ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. ఆ సంస్థ తరఫున అఖిలేశ్ అనే అధికారి ఒకనాటి ఉదయం పూతరేకుల డబ్బాతో మా ఇంటికి వచ్చాడు.

"మీ చెత్తబుట్ట మాకు బంగారం సార్," అన్నాడు. "పడవ పట్టుకోవాలంటే ఇదివరకు సముద్రమంతా తిరగాలి. ఇప్పుడు ఒడ్డున కూర్చుని కాఫీ తాగుతున్నాం. వాళ్లు పడవ దిగగానే పట్టుకుంటున్నాం."

"అది నక్షత్రాల కోసం రాసినది."

"తెలుసు సార్. మేం అడిగి తీసుకున్నదీ కాదు, మీరు దాచినదీ కాదు. చట్టం తప్పినవాళ్లనే కదా పట్టుకునేది? మీరు సైన్సు మనిషి. మీకు నేను చెప్పాలా?"

అతను వెళ్లాక త్రిపుర ఆ డబ్బా విప్పలేదు. పనిమనిషికి ఇచ్చేసింది.

నెల తిరక్కుండా తొమ్మిది పడవలు పట్టుబడ్డాయి. అప్పుడు వచ్చాడు జాలయ్య. డాబా ఎక్కలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు.

"సారూ, దీపం ఎలిగిస్తే మీ బుట్టలో పడతామంట గదా."

"నేను ఎవరి పేరూ రాయలేదు జాలయ్యా. వణుకు, వేళ, చోటు. అంతే."

"పేరెందుకు సారూ, చోటు చెప్తే చాలదా? ఆ చోటుకాడ నేనే గదా ఉండేది." అతను నవ్వాడు, నేను నవ్వలేదు. "ఒట్టి చేతుల్తో అయిదు నెలలు ఒడ్డున కూసోలేం. ఆపేయండి సారూ దాన్ని."

ఆ మాటకు నేను ఇచ్చిన జవాబును మరచిపోవాలని ఎంతో ప్రయత్నించాను. రెండు వందలమంది కలిసి చేస్తున్న పని అన్నాను. నేనొక్కణ్ణి ఆపితే ఆగదన్నాను. అది నిజమే. కానీ అసలు కారణం అది కాదు. ఒమేగా సెంటారీ అంచు మీద ఒక మసక పొర ఉందని నాకు అనుమానంగా ఉంది. దాన్ని తేల్చడానికి ఇంకా రెండు అమావాస్యలు కావాలి. నా కెమెరా ఆగితే ఈ వేసవి పోతుంది. నాకు అప్పటికే డెబ్బై ఒకటి.

అందుకని ఒక మధ్యేమార్గం కనిపెట్టాను. నిమిషం లోపల వెలిగి ఆరిన దీపాన్ని చీపురు మరచిపోయేలా ప్రోగ్రాం మార్చాను. ఉల్కలూ విమానాల మెరుపులూ అలాంటివే కనుక, ఇది జాబితాను శుభ్రపరచడమేనని మిగిలినవాళ్లకు నచ్చజెప్పాను. అందరి కెమెరాలకూ ఆ మార్పు వెళ్లింది.

"వల దించేటప్పుడు, తీసేటప్పుడు, ఓడ ఏదైనా ఎదురొచ్చినప్పుడు వెలిగించుకో. అరవై లెక్కపెట్టే లోపల ఆర్పేస్తే నా బుట్టలో పడదు," అన్నాను.

"అరవై దాకా లెక్క మా కావేరమ్మకే వొచ్చు. దాన్నీ పడవెక్కించుకుంటా," అన్నాడు. కానీ అతని ముఖం కొంచెం తేలికపడింది.

ఊరు నా నిమిషాన్ని నమ్మలేదు. నమ్మవలసిన అవసరమూ వాళ్లకు లేదు. వలలు కుట్టుకునే పాకలో ఊరిపెద్ద అయిన పెద్దకాపు ఆర్ముగం పంచాయితీ పెట్టి దురాయి వేయించాడు. దురాయి అంటే ఈ తీరంలో ఊరంతా కలిసి పెట్టుకునే కట్టుబాటు. తప్పినవాడు ఊరికి దూరం. నిషేధం ముగిసేదాకా సముద్రంలో ఎవరూ దీపం వెలిగించకూడదు, క్షణమైనా సరే. ఒక్కడి దీపం చూసి కాపలావాళ్లు వస్తే పక్కనున్న పది పడవలూ పోతాయి కదా.

ఆ అమావాస్యకు సముద్రం నేనెన్నడూ చూడనంత చీకటిగా ఉంది. పడవ దీపాల అడ్డగీత ఒక్కటి లేదు. దూరాన వెళ్లే ఓడ దీపాలు తప్ప చీపురుకు ఊడ్చడానికేమీ లేదు. పేర్చిన చిత్రం చూసుకుని నేను చిన్నపిల్లవాడిలా త్రిపురను లేపాను. కోటి నక్షత్రాల ముద్ద చుట్టూ, ఊపిరి ఆవిరిలాగా, నేను అనుమానించిన పొర కనిపిస్తోంది. ఇంత చీకటి ఎక్కడినుంచి వచ్చిందని నేను అడగలేదు. అలాంటి ప్రశ్నలు అడగడం తప్ప నేను బతుకంతా వేరే పని చేసి ఎరగను.

తెల్లవారి రేవులోకి నీలిరంగు ఫైబరు ముక్కలు కొట్టుకొచ్చాయి. సరుకు ఓడ ఒకటి ఆ దారిన దక్షిణానికి వెళ్లింది. దానికి ఏదో తగిలినట్టు కూడా తెలియదు. జాలయ్య మూడోరోజు దొరికాడు.

విచారణ అధికారులు రెండు వాక్యాలు రాశారు. నిషేధకాలంలో వేటకు వెళ్లాడు. దీపం లేకుండా ఓడల దారిలోకి వచ్చాడు కనుక ప్రమాదానికి బాధ్యత అతనిదే.

పన్నెండో రోజు దాటాక కావేరమ్మ మా ఇంటికి వచ్చింది. గంప లేకుండా ఆమెను చూడటం అదే మొదలు. త్రిపుర ఆమెను లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆమె తాగలేదు, గ్లాసు ఒళ్లో పెట్టుకుంది.

"సారూ, ఒకటి అడగతా. నిజం చెప్పు. నువ్వు నిజమే చెప్తావని ఊరంతా అంటాది."

"అడుగు."

"ఆ పొద్దు దిగేటప్పుడు నేనే చెప్పినా, ఏమొచ్చినా దీపం ముట్టమాకని. 'ఓడొస్తే?' అన్నాడు. 'ఓడొచ్చినా సరే, దురాయి దురాయే, నా మొగం చూపించుకోవాల గదా ఊళ్లో' అన్నా." ఆమె గ్లాసులోకి చూసింది. "నా మాట ఇని సచ్చిపోయినాడా, లేకుంటే ఎలిగించినాడా? అది చెప్పు చాలు. నీ బుట్టలో ఉంటాది గదా."

నేను అప్పటికే వెతికి ఉన్నాను. ఆ రాత్రి చెత్తబుట్టలో ఓడ దీపాలున్నాయి, వరుసగా, నిలకడగా, దక్షిణానికి. 'జా-1' లేదు. దానికి రెండే అర్థాలు. జాలయ్య అసలు దీపం వెలిగించలేదు. లేదా నిమిషం లోపు వెలిగించాడు. నిమిషం గడిచేసరికి పడవే లేదు. ఆ నిమిషాన్ని మరచిపొమ్మని చీపురుకు చెప్పినవాణ్ణి నేనే. అసలు ఫ్రేములుంటే తేలేది. మూడు వేల ఫ్రేములు. ప్రతి రాత్రివీ దాచేవాణ్ణి. డిస్కు నిండిపోయిందని, చిత్రం వచ్చేసింది కదా అని, ఆ తెల్లవారుజామున ఆ ఒక్క రాత్రివి తుడిచేశాను. రేవులో కేకలు వినిపించడానికి గంట ముందు. మిగిలినవాళ్లను అడిగాను. అంత దూరపు చిన్న దీపాన్ని పట్టగల చోటున ఉన్న కెమెరా నాది ఒక్కటే.

'తెలియదు' అనడం నేర్పడానికే నేను నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను. అది శాస్త్రంలో అన్నిటికన్నా నిజాయితీగల మాట అని పిల్లల చేత పలికించేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట నా నోటి దాకా వచ్చింది. త్రిపుర తలుపు దగ్గర నిలబడి నా వైపు చూస్తోంది.

"వెలిగించాడు," అన్నాను.

"నిజంగా?"

"వెలిగించాడు. నలభై సెకన్లు."

అంకె దానంతట అదే వచ్చింది. అంకె తోడైతే అబద్ధం కొలతలా వినిపిస్తుంది. ఈ సంగతి బాబాల కంటే నాకే ఎక్కువ తెలుసు.

కావేరమ్మ ఆ నీళ్లు మొత్తం గటగటా తాగేసింది. "నా మాట ఇనలా," అంది. "పాతికేళ్ల కాపరంలో నా మాట ఇనకుండా చేసిన మంచిపని అదొక్కటే." అప్పుడు ఏడ్చింది. త్రిపుర ఆమె పక్కన కూర్చుంది. నేను డాబా మీదికి వెళ్లిపోయాను.

కనికరమనే అనుకున్నాను. ఒక మనిషి గుండెమీది బండను ఒక మాటతో దించానని, దానివల్ల ఎవరికీ నష్టం లేదని లెక్కవేశాను. కావేరమ్మ ఎలాంటి మనిషో ఆ లెక్కలో వేయలేదు.

మరునాటి మధ్యాహ్నం త్రిపుర రేవునుంచి గబగబా వచ్చింది. కీళ్లనొప్పుల మనిషి అంత వేగంగా నడవడం నేను చూడలేదు.

"వలల పాకలో పంచాయితీ జరిగింది," అంది. "ఆవిడే పెట్టించింది."

కావేరమ్మ పెద్దల మధ్యకు వెళ్లి నిలబడి, తన భర్త దురాయి తప్పాడని చెప్పిందట. సారు కెమెరాలో పడిందనీ, నలభై సెకన్లనీ చెప్పిందట. ఆర్ముగం మొదట కోప్పడ్డాడు.

"సచ్చినోడి మీద ఎందుకమ్మే చెప్తావు? ఎవురడిగినారు నిన్ను?"

"సచ్చినా కట్టుబాటు కట్టుబాటే గదా మామా. ఆయప్ప దీపం పట్టుకుని సచ్చినాడు. చీకట్లో కుక్కసావు సావలా. అది ఊరికి తెలియాల. తెలిసినాక తప్పు కట్టకుండా నేను ఊళ్లో ఎట్టా తిరిగేది?"

"సరే, ఇదే మాట పోయి ఆ ఆపీసరోళ్లకి చెప్పకూడదా? ఓడోళ్లు చూసుండాల అని రాస్తారు గదా."

"ఆళ్లకి చెప్తే ఆ బుట్ట నిజమని మనమే ఒప్పుకున్నట్టు. ఆ బుట్ట అబద్ధమనే గదా పట్టుకుపోయిన పడవలు అడగతుండాం, ఇంక అయ్యి రావు. నాకొక్కదానికోసం చెప్తానా?"

ఆమెను క్షమిస్తే రేపు ఇంకొకడు వెలిగిస్తాడు. ఆర్ముగం తల వంచుకునే శిక్ష చెప్పాడు: ఏడాదిపాటు కావేరమ్మ రేవులో గంప దించకూడదు, ఊరి పడవల చేప ముట్టకూడదు. ఆమె సరేనంది. పాతికేళ్లుగా ఆమెకు తెలిసిన పని అదొక్కటే.

నేను చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికి?" అంది త్రిపుర.

"ఆర్ముగం దగ్గరికి. నేను అబద్ధం చెప్పానని చెప్తాను."

"ఏమని చెప్తారు? వెలిగించలేదనా?"

"తెలియదని."

"ఆవిడ 'తెలియదు' కోసం వచ్చిందా మీ దగ్గరికి?" త్రిపుర గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "వెళ్లండి. వెళ్లి చెప్తే ఆవిడ గంప ఆవిడకొస్తుంది. దీపం పోతుంది. ఏది తీసేస్తారో మీరే తేల్చుకోండి. తీసేయడం మీకు అలవాటేగా."

కావేరమ్మ ఇంటిదాకా వెళ్లాను. ఆమె గుమ్మం ముందు నిటారుగా కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లు కూడారు. ఎవరో చిన్న కోడలు అడిగింది కాబోలు, కావేరమ్మ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టి చూపిస్తోంది: నలభై అంటే ఎంతసేపో, ఆ సేపట్లో మనిషి లేచి నిలబడి, దీపం ఎత్తి, అటూ ఇటూ ఊపి, ఓడవాణ్ణి ఎన్నిసార్లు కేకేయవచ్చో. అప్పటికే ఆ నలభై సెకన్లలో జాలయ్య నాకంటే ఎక్కువ బతికాడు. నేను సరుగుడు తోటలోంచి తిరిగి వచ్చేశాను.

నా కెమెరాను ఆపేశాను. మిగిలిన కెమెరాలు ఆగలేదు. తీరనేత్ర ఇప్పుడు తన సొంత కెమెరాలను సెల్‌ఫోను టవర్ల మీద బిగించుకుంది. చీపురును తామే తయారుచేశామని వాళ్ల ప్రకటనల్లో ఉంటుంది, నేను ఖండించలేదు. ఒమేగా సెంటారీ పొర గురించి ఒక పత్రిక అడిగింది. మూల ఫ్రేములు పంపమంది. లేవని రాశాను.

నెల తర్వాత కావేరమ్మ మళ్లీ వచ్చింది. పొరుగూరి రొయ్యల చెరువుల దగ్గర వలిచే పనికి పోతోంది. చేతివేళ్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి.

"ఆ దీపం పడిన బొమ్మ ఇయ్యి సారూ. ఆయప్ప పటం పక్కన పెట్టుకుంటా."

ఉన్నది ఒక్కటే, ఆ రాత్రి చిత్రం. నా జీవితంలో నేను తీసిన అన్నిటిలోకీ నిర్మలమైనది. ఒక్క మచ్చ లేదు. రెండు రోజుల తర్వాత రమ్మన్నాను. ఆ రెండు రోజులూ కూర్చుని, అడుగున సముద్రం మసకగా కనిపించే చోట ఒక చుక్క పెట్టాను. ఊరికే తెల్లచుక్క పెడితే అతికించినట్టు ఉంటుంది. అందుకని పాత చిత్రాల్లోంచి 'జా-1' వణుకును తీసి, దాని గీతలను ఆకాశమంతా పలచగా పరిచాను. నలభై సెకన్లకు ఎంత వెలుగు రావాలో లెక్కవేసి అంతే ఉంచాను. నాకంటే పెద్ద నిపుణుడు వచ్చినా అది మోసమని పట్టుకోలేడు. పూర్తయ్యాక వేళ్ల వైపు చూసుకున్నాను, బూడిద ఏమైనా అంటుకుందేమోనని.

కావేరమ్మ పటాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. ఆమెకు ఎక్కడ చూడాలో నేను చూపబోయాను. అప్పటికే ఆమె వేలు పైన, గుంపుకు కొంచెం ఎడమగా, ఒక పసుపుపచ్చని నక్షత్రం మీద ఆగింది. నేను పెట్టిన చుక్కకు జానెడు దూరం.

"ఇదేనా మాది?"

త్రిపుర నా వైపు చూడలేదు.

"అదే," అన్నాను.

ఆమె కొంగుతో దాన్ని మెల్లగా తుడిచింది.

"బాగానే ఎలిగిందే," అంది.